కనిపించని అలసటకు కన్నే సాక్షి

తలకు దెబ్బ తగిలినదనగానే మన మనస్సులో నెత్తురు, తెల్లని కట్టు, ఆసుపత్రి మంచము మెదలును. కట్టు విప్పిన దినమున ఇంటిల్లిపాదియు గండము గడచినదని ఊపిరి పీల్చుకొందురు. కాని కొందరి విషయమున అసలు కష్టము కట్టు విప్పిన పిమ్మటనే మొదలగును. ఆ కష్టము పైకి కనబడదు. కనబడనిదానిని లోకము నమ్మదు. నేడు మేము పాఠకులతో ముచ్చటింపదలచినది ఆ కనబడని కష్టమును గురించియు, దానిని బయటపెట్టగలిగిన ఒక సాక్షిని గురించియు.

ఒక ఉపాధ్యాయుని ఊహించుకొందము. ఆయన సాయంకాలము స్కూటరుమీద ఇంటికి వచ్చుచు, అడ్డము వచ్చిన కుక్కను తప్పింపబోయి పడిపోయెను. రెండు నిమిషములు స్పృహ తప్పెను. ఆసుపత్రిలో సి.టి. స్కాన్ తీసి, ఎముక విరుగలేదనియు, మెదడులో నెత్తురు గడ్డ లేదనియు చెప్పి ఇంటికి పంపివేసిరి. వారము దినములలో నుదుటిమీది గాయము మానెను. ఆయన బడికి పోయెను. మధ్యాహ్నము కాకమునుపే తల దిమ్మెక్కెను. పది జవాబు పత్రములు దిద్దునప్పటికి అక్షరములు ఒకదానిమీదికొకటి జరిగినట్లు తోచెను. చదివిన పంక్తినే మరల చదువుచుండెను. ఇంటికి వచ్చి చాపమీద ఒరిగినవాడు రాత్రి భోజనమునకు లేవలేకపోయెను. "మనిషి నిక్షేపంలా తిరుగుతున్నాడు, పని అనేసరికి పడకేస్తాడు" అని తల్లి అనెను. "డాక్టరుగారు ఏమీ లేదన్నారు గదండీ" అని భార్య మెల్లగా అనెను. ప్రధానోపాధ్యాయుడు ఏమియు అనలేదు గాని, చూచిన చూపులో ఆ మాటయే ఉండెను. నెల గడచునప్పటికి ఆ ఉపాధ్యాయుడే తన్ను తాను శంకించుకొనసాగెను.

ఈయన సోమరియా? నటించుచున్నాడా? లేక మనకు తెలియని బాధ ఏదైన నిజముగా ఉన్నదా? ఈ ప్రశ్న మన ఇండ్లలో పుట్టినది మాత్రమే కాదు. వైద్యలోకము దీనిని గురించి నూరేండ్లకు పైబడి వాదించినది. ఆ వాదమును తెలిసికొనుటకు ముందు, తలకు దెబ్బ తగిలినప్పుడు లోపల ఏమి జరుగునో కొంత తెలిసికొనవలెను.

వైద్యులు ఇట్టి దెబ్బను స్వల్ప మస్తిష్కాఘాతమందురు. ఆటగాండ్ర విషయమున కంకషన్ అను మాట వాడుకలో ఉన్నది. స్వల్పము, తీవ్రము అను విభజనకు ఒక కొలత కలదు. 1974లో గ్లాస్గో నగర వైద్యులైన టీస్‌డేల్, జెనెట్ అనువారు, రోగి కన్ను తెరచుట, మాటలాడుట, కాలుసేతులు కదల్చుట అను మూడింటిని పరీక్షించు పద్ధతిని ప్రకటించిరి; దానికి 3 మొదలు 15 వరకు మార్కులు వేయుట తరువాత ఏర్పడినది. 1993లో అమెరికాలోని పునరావాస వైద్యుల సంఘము స్వల్పాఘాతమునకు హద్దులు నిర్ణయించెను. మార్కులు 13కు తగ్గరాదు. స్పృహ తప్పినచో అది అరగంటకు మించరాదు. దెబ్బ తరువాతి మతిమరపు 24 గంటలకు మించరాదు. ఈ హద్దులన్నియు దెబ్బ తగిలిన తొలి గంటలకు సంబంధించినవే. తరువాతి దినములు ఎట్లు గడచునో అవి చెప్పవు. చాలమంది కొలది వారములలో పూర్తిగా కోలుకొందురు. కొందరికి మాత్రము నెలలు పట్టును. ఆ కొందరికి "స్వల్పము" అను మాటయే ఒక శాపమై కూర్చుండును.

లేత తాటిముంజెను చేతిలో పట్టుకొన్నవారికి మెదడు మెత్తదనము కొంత ఊహకందును. అంత మెత్తని పదార్థము గట్టి పుర్రెలో, పలుచని నీటి పొర నడుమ ఉన్నది. తల ఒక్కసారిగా ఆగినను, గిరుక్కున తిరిగినను, పుర్రె ఆగినంత వేగముగా మెదడు ఆగజాలదు. 1943లో ఆక్స్‌ఫర్డ్‌లో హోల్‌బోర్న్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు జెలటిన్‌తో మెదడు నమూనాలు చేసి, తల తిన్నగా కదలినప్పటికంటె మెలితిరిగినప్పుడే లోపలి భాగములు ఒకదానిమీద నొకటి జారి సాగునని చూపెను. 1956లో ఆ నగరముననే సబీనా స్ట్రిచ్ అను వైద్యురాలు, తీవ్రమైన దెబ్బ తగిలి కొంతకాలమునకు మరణించినవారి మెదళ్లను సూక్ష్మదర్శినితో పరీక్షించి, మెదడులో ఒక చోటిని వేరొక చోటితో కలుపు తంతువులు విస్తారముగా చెడిపోయినవని ప్రకటించెను. స్వల్పాఘాతమున అంతటి చేటు లేదు. కాని తంతువులు సాగి నలగుట అను బాధ ఆ జాతికి చెందినదే. సి.టి. స్కాన్ ఎముక విరుగుటను, నెత్తురు చేరుటను చక్కగా చూపును. అంత సన్నని తంతువుల నలుగుడును చూపజాలదు. కావున స్కానులో ఏమియు కనబడలేదనుట వేరు, ఏమియు జరుగలేదనుట వేరు.

నలగిన తంతువులతో పాటు మెదడు కణముల ఖర్చు వెచ్చములు కూడ తారుమారగును. అమెరికాలోని లాస్ ఏంజిలిస్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు గీజా, హోవ్డా అనువారు ఈ సంగతిని 2001లో వివరించిరి. దెబ్బ తగిలిన వెంటనే కణముల పొరలు సడలి, లోపల ఉండవలసిన పొటాసియము బయటికి, బయట ఉండవలసిన కాల్షియము లోపలికి పోవును. వానిని మరల యథాస్థానమునకు చేర్చుటకు కణములు చక్కెరను విపరీతముగా ఖర్చుచేయును. ఆ సమయముననే మెదడునకు రక్తప్రసారము తగ్గవచ్చును. ఖర్చు పెరిగి, రాబడి తగ్గిన సంసారము వంటిది ఆ స్థితి. కొంతకాలము మెదడు మందకొడిగా ఉండి, క్రమముగా కుదుటపడును.

ఇక కన్ను ఈ కథలోనికి ఎట్లు వచ్చినది? మన తెలుగువారు తల తిరుగుటను "కళ్లు తిరుగుచున్నవి" అందురు. నీరసమును "కళ్లు బైర్లు కమ్మినవి" అందురు. ఈ పలుకుబడులు ఎవ్వరు కల్పించిరో గాని, కంటికిని మెదడు అలసటకును ఉన్న చుట్టరికమును చక్కగా కనిపెట్టిరి. ఒక్కొక్క కనుగ్రుడ్డును కదల్చుటకు ఆరు కండరములు కలవు. ఆ కండరములను మూడు జతల నరములు ఏలుచున్నవి. అందు నాలుగవ కపాల నరము మిక్కిలి సన్ననిది. అది మెదడు కాండమునకు వెనుకవైపున బయలుదేరి చుట్టు తిరిగి కంటిని చేరును. కావుననే తలకు దెబ్బ తగిలినప్పుడు అది సులభముగా దెబ్బతినును. అట్లు దెబ్బతిన్నచో ఒక వస్తువు రెండుగా కనబడును. నరములు చెడకపోయినను, వానికి ఆజ్ఞలు పంపు వ్యవస్థ మెదడంతట వ్యాపించి యున్నది. నుదుటి వెనుకనున్న భాగము, నడినెత్తి క్రింది భాగము, చిన్నమెదడు, మెదడు కాండము, వీనిని కలుపు పొడవైన తంతువులు, ఇన్నియు కలిసి పనిచేసిననే చూపు ఒక చోట నిలుచును. ఊరంతట ప్రాకిన విద్యుత్తు తీగలలో ఎక్కడ జోడింపు వదులైనను ఏదో ఒక దీపము మిణుకుమనునట్లు, మెదడులో ఎక్కడ నలిగినను చూపులో ఏదో ఒక తడబాటు కలుగవచ్చును.

చదువునప్పుడు మన చూపు పంక్తి వెంట నీటి వలె పారునని మనము తలతుము. అది భ్రమ. చూపు పంక్తి వెంట దుముకుచు పోవును. ఒక మాటమీద సుమారు పావు సెకను నిలిచి, రెప్పపాటుకంటె తక్కువ కాలములో తరువాతి చోటికి దుముకును. ఈ సంగతిని కనిపెట్టిన వారిలో ఒకడైన ఎవాల్డ్ హెరింగ్ 1879లో దీనిని చెవితో వినెనని తెలిసినప్పుడు రేడియోవారమైన మాకు ముచ్చట వేసినది. ఆయన కనురెప్పలమీద గొట్టములు ఆనించి, కంటి కండరముల చప్పుడు ఆలకించి, ఆ చప్పుళ్లకును చూపు కుదుపులకును పొత్తు కుదురుచున్నదని గ్రహించెను. అదే కాలమున పారిసు నగరములో లూయీ ఎమీల్ జవాల్ అను నేత్రవైద్యుడు చదువరి చూపు నడకను పరిశీలించుచుండెను. ఫ్రెంచి భాషలో కుదుపు అను అర్థమిచ్చు "సకాడ్" అను మాట ఈ దుముకునకు పేరుగా నిలిచినది. ఆ జవాల్ తరువాతి కాలమున నీటికాసుల జబ్బుచే రెండు కన్నులు పోగొట్టుకొనియు, చదువును గురించిన తన గ్రంథమును 1905లో ప్రకటించెను.

పాఠకులు ఇంటనే ఒక ప్రయోగము చేసి చూడవచ్చును. అద్దము ముందు నిలిచి, మొదట మీ ఎడమ కంటిని, పిదప కుడి కంటిని చూడుడు. ఎన్ని మార్లు చూపు మార్చినను, మీ కన్ను కదలుట మీకు కనబడదు. ప్రక్కన నిలిచినవారికి మాత్రము స్పష్టముగా కనబడును. దుముకు జరుగునంతసేపు మెదడు దృశ్యమును అణచివేయుటయే దీనికి కారణము. లేనిచో లోకమంతయు క్షణక్షణము ఊగుచు కనబడును. చదువుటలో సెకనుకు మూడు దుముకుల చొప్పున లెక్కించినను, గంటకు 10,800 దుముకులగును. ప్రతి దుముకునకు ముందు గురి చూడవలెను, దుముకవలెను, దృశ్యమును అణచవలెను, నిలువవలెను. ఇంత పని జరుగుచున్నదని ఆరోగ్యవంతునికి తెలియనే తెలియదు.

వార్తలు చదువు మా మిత్రులకు ఈ సంగతి అనుభవములో తెలియును. నోరు ఒక మాట పలుకుచుండగా కన్ను రెండు మాటల ముందు ఉండును. ఆ ఎడము ఉన్నంతసేపు చదువు సాఫీగా సాగును. జ్వరముననో, నిద్రలేమిచేతనో ఆ ఎడము తగ్గినచో తడబాటు తప్పదు. బులెటిను ముగియునప్పటికి ఒళ్లు చెమర్చును. ఒక్క పూట మాకు కలుగు ఆ అవస్థ, మన ఉపాధ్యాయునికి ప్రతిదినము, ప్రతి పుటలోను కలుగుచున్నదని ఊహింపుడు.

దుముకు ఒక్కటియే కాదు. ఎగురు పక్షిని అనుసరించునప్పుడు చూపు దాని వెంట మెల్లగా జారును. ఇది వెంటాడు చూపు. తల త్రిప్పునప్పుడు చూచుచున్న వస్తువు చెదరకుండుటకు కన్నులు తలకు ఎదురుదిశగా కదలును. ఈ పనిని లోపలి చెవి నడిపించును. దగ్గరి వస్తువును చూచునప్పుడు రెండు కన్నులును ముక్కువైపునకు వాలి ఒకే బిందువుపై కూడవలెను. కంటిలోని కటకము కూడ అందుకు తగినట్లు ఉబ్బవలెను. ఈ కూడిక ఎంత దగ్గర వరకు నిలుచునో తెలిసికొనుటకు వైద్యులు ఒక సన్నని గురుతును ముక్కువైపునకు మెల్లగా తెచ్చి చూతురు. ఆరోగ్యవంతునికి అది ముక్కునకు 5 లేక 6 సెంటీమీటర్ల దూరమునకు, అనగా మూడు వ్రేళ్ల వెడల్పు దూరమునకు వచ్చువరకు ఒక్కటిగానే కనబడును. తలకు దెబ్బ తగిలినవారిలో పలువురికి అది అంతకు చాల ముందే రెండగును. అట్టివారు పుస్తకము పట్టినంతసేపు చెదరిపోవు రెండు చూపులను బలవంతముగా కలిపి పట్టుకొనవలెను. రెండు పెంకి ఎద్దులను ఒక కాడికి పూన్చి దున్నువాని శ్రమ వంటిది ఆ శ్రమ.

అలసటకు మూలము ఇక్కడనే కొంత దొరకుచున్నది. దానంతట అది జరుగవలసిన పని ప్రయత్నము చేసిన గాని జరుగనప్పుడు, ఆ ప్రయత్నమునకు వలయు శ్రద్ధను మెదడు వేరొక చోటినుండి తెచ్చి పెట్టవలెను. అర్థమును గ్రహించుటకు వినియోగింపవలసిన శ్రద్ధ అక్షరమును పట్టుకొనుటకే చెల్లిపోవును. స్వీడను దేశములో గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయమునకు చెందిన బిర్గిట్టా యోహాన్సన్, లార్స్ రొన్‌బాక్ అనువారు ఈ మానసికమైన అలసటను ఏండ్ల తరబడి పరిశీలించి, దానిని కొలుచుటకు 15 ప్రశ్నల పట్టిక నొకదానిని తయారుచేసిరి. ఈ అలసటకు కొన్ని లక్షణములు కలవు. పని మొదలుపెట్టిన కొలదిసేపటికే శక్తి హఠాత్తుగా అడుగంటును. మరల పుంజుకొనుటకు పట్టు కాలము చేసిన పనికి ఏమాత్రము పొంతన లేనంత దీర్ఘముగా ఉండును. వెలుతురును, సందడిని ఓర్చుకొనలేరు. చిన్న మాటకే కోపమో కన్నీరో వచ్చును. ఇది పొలము దున్ని వచ్చినవాని అలసట కాదు. ఆ అలసట ఒక రాత్రి నిద్రతో పోవును, ఇది పోదు.

అలసట యంతయు కంటినుండియే వచ్చునని మా అభిప్రాయము కాదు. నిద్ర చెడుట, తలనొప్పి, దిగులు, లోపలి చెవి దెబ్బతినుట, ఇవన్నియు దానికి పాలు పంచును. కాని కన్నునకు ఒక విశేషమున్నది. ఇతర బాధలను రోగి నోట వినవలెను. చూపు తడబాటును వైద్యుడు తన కన్నులతో చూడగలడు, యంత్రముతో కొలువగలడు. ఆ విశేషమే పాత వాదమును మలుపు త్రిప్పినది.

ఆ వాదము రైలుబండ్లతో మొదలైనది. ఇంగ్లండులో రైలు ప్రమాదముల తరువాత, పైకి గాయము లేకున్నను నీరసము, మతిమరపు, చూపు మందగింపు మొదలగు బాధలు చెప్పుకొనువారు అనేకులు కనబడిరి. 1866లో లండను వైద్యుడు ఎరిక్‌సన్ ఇవి నాడీమండలము అదరుటచే కలిగినవని గ్రంథము వ్రాసెను. 1883లో హెర్బర్ట్ పేజ్ అను శస్త్రవైద్యుడు, అందు చాల భాగము భయమువలన కలిగినదని ఎదురు వాదించెను. నష్టపరిహారపు వ్యాజ్యములు నడచుచున్నందున న్యాయస్థానములు కూడ ఈ వాదమునకు వేదికలైనవి. 1961లో న్యూకాసిల్ నగర నాడీవైద్యుడు హెన్రీ మిల్లర్ తన ఉపన్యాసములలో, స్వల్పమైన దెబ్బ తరువాత దీర్ఘకాలము సాగు బాధలు పెక్కు పరిహారమును ఆశించుటవలన కలుగునవేయని గట్టిగా చెప్పెను. ఆయన చూచినవారు పరిహారపు వ్యాజ్యములలో ఉన్నవారు. పరిహారము ముట్టిన తరువాత కూడ పలువురి బాధ పోలేదని తరువాతివారు చూపిరి. అయినను ఆయన మాట చాలకాలము వైద్యుల చెవులలో మ్రోగుచునే ఉండెను. రోగి తన అలసటను చెప్పుకొన్నప్పుడు, వైద్యుని మనస్సు పరిహారమువైపునకు పోవుచుండెను.

2009లో న్యూజిలాండు దేశపు క్రైస్ట్‌చర్చ్ నగరమునుండి ఒక సమాధానము వచ్చినది. హైట్‌గర్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును, స్వల్పాఘాతము తరువాత బాధలు వదలని 36 మందిని, అంతటి దెబ్బయే తగిలి చక్కగా కోలుకొన్న 36 మందితో సరిపోల్చి చూచిరి. దెబ్బ తగిలి సగటున 140 దినములు గడచినవి. వారి చూపులను యంత్రములతో నమోదు చేసిరి. ఒక పరీక్షలో వెలుగు కుడివైపున మెరిసినచో చూపును ఎడమవైపునకు త్రిప్పవలెను. మరియొకదానిలో వెలుగులు మెరిసిన వరుసను గుర్తుంచుకొని, చీకటిలో ఆ వరుసనే చూపు నడపవలెను. వేరొకదానిలో కదలు చుక్కను వెంబడింపవలెను. బాధ వదలనివారు వీనిలో వెనుకబడిరి. దిగులును, తెలివితేటలలోని తేడాను లెక్కలోనికి తీసికొన్నను ఆ తేడా నిలిచియే ఉండెను. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి మరియొకటి. ఆ కొలతలలో కొన్ని మనుష్యుని ఇచ్ఛకు లోబడనివి. మనము నడకను కావలెనని మెల్లగా సాగింపగలము, మాటను తడబడనీయగలము, కాని చూపు దుముకు వేగమును తగ్గించుట మన వశము కాదు. నటించువాడు నోటితో నటింపవచ్చును, ముఖముతో నటింపవచ్చును. ఇచ్చట సాక్ష్యము చెప్పినది వాని ఆజ్ఞను వినని అంగము.

తరువాత ఇట్టి పరిశీలనలు పెక్కు చోట్ల జరిగినవి. 2007లో న్యూయార్కులో సియఫ్రేడా, ఆయన సహచరులును మెదడు దెబ్బతిన్న 160 మంది వైద్యపత్రములను తిరగవేసి, నూటికి 90 మందిలో కంటి కదలికల లోపము ఏదో ఒకటి ఉన్నదని కనుగొనిరి. 2016లో ఫిలడెల్ఫియా నగరపు పిల్లల ఆసుపత్రివారు కంకషన్ తగిలిన 11 నుండి 17 ఏండ్ల వయస్సుగల 100 మందిని పరీక్షింపగా, 69 మందికి చూపు లోపము తేలినది. దగ్గరి వస్తువుమీద చూపులు కూడని లోపము 49 మందిలోను, చూపు దుముకు లోపము 29 మందిలోను ఉండెను. వీరందరు బాధతో ప్రత్యేక వైద్యులకడకు వచ్చినవారని పాఠకులు మరువరాదు. దెబ్బ తగిలిన ప్రతివానికిని ఈ లెక్క వర్తింపదు.

పెద్ద యంత్రములు లేకయే ఈ పరీక్షలో కొంత భాగము చేయవచ్చును. 2014లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ వారు 5 నుండి 10 నిమిషములలో ముగియు ఒక పద్ధతిని ప్రకటించిరి. వైద్యుడు తన వ్రేలిని మెల్లగా కదల్చి రోగిని చూపుతో వెంబడింపుమనును. రెండు వ్రేళ్లను ఎడముగా నిలిపి చూపును ఒకదానినుండి వేరొకదానికి ప్రక్కలకును, మీదికి క్రిందికిని వేగముగా మార్పుమనును. గురుతును ముక్కువైపునకు తెచ్చును. తల ఊపుచు ఒకచోటనే చూడుమనును. ఒక్కొక్కదాని తరువాత తలనొప్పి, తల తిరుగుట, వికారము, మసక మనస్సు ఎంత పెరిగినవో 0 నుండి 10 వరకు అంకె చెప్పుమనును. ఈ పరీక్షను మేము చదివినప్పుడు అభినయదర్పణములోని ఎనిమిది దృష్టిభేదములు మాకు జ్ఞప్తికి వచ్చినవి. నిలుకడగల సమదృష్టి, ఇరుప్రక్కలకు చలించు ప్రలోకితము, మీదికి క్రిందికి వడిగా పోవు అనువృత్తము మన నాట్యాచార్యులు శిష్యులచే సాధన చేయించునవే. ఆరోగ్యముగల కన్నునకు కూడ అవి సాధనచే గాని పట్టువడవు. నలగిన మెదడునకు అవి ఎంత భారమో దీనివలన ఊహింపవచ్చును.

ఒక హెచ్చరిక. చూపు తడబడినంత మాత్రమున మెదడునకు దెబ్బ తగిలినదని ఎవ్వరును ఇంట కూర్చుండి తీర్పు చెప్పరాదు. నిద్రలేమి, మద్యము, కొన్ని మందులు, వార్ధక్యము కూడ చూపును మందగింపజేయును. ఇది వైద్యుడు తక్కిన లక్షణములతో కలిపి విచారింపవలసిన సాక్ష్యము.

ఇక చికిత్స సంగతి. పూర్వము ఇట్టివారిని చీకటి గదిలో కదలక మెదలక పరుండబెట్టు పద్ధతి ఉండెను. 2015లో ప్రకటింపబడిన అమెరికా పరిశీలన యొకటి దీనిని ప్రశ్నించినది. 5 దినములు కఠినమైన విశ్రాంతి తీసికొన్న యువకులు, ఒకటి రెండు దినములు మాత్రమే విశ్రమించి క్రమముగా పనులకు మరలినవారికంటె బాగుపడలేదు సరికదా, ఎక్కువ బాధలు చెప్పుకొనిరి. 2022లో ఆంస్టర్‌డామ్ నగరమున సమావేశమైన నిపుణులు కూడ మొదటి 24 నుండి 48 గంటలు మితమైన విశ్రాంతియు, పిదప నడక వంటి తేలిక వ్యాయామముతో క్రమముగా పనులు పెంచుకొనుటయు మేలని తీర్మానించిరి. తెరల విషయమున 2021లో వెలువడిన పరిశీలన యొకటి గమనింపదగినది. 12 నుండి 25 ఏండ్లవారు 125 మందిలో, మొదటి 48 గంటలు ఫోను, టెలివిజను, కంప్యూటరు తెరలను చూడనివారికి కోలుకొనుటకు మధ్యస్థముగా మూడున్నర దినములు పట్టగా, చూచినవారికి 8 దినములు పట్టినది. చూపులు కూడని లోపము నెలల తరబడి వదలనప్పుడు నేత్రనిపుణుల పర్యవేక్షణలో తగిన సాధన, అవసరమైనచో కండ్లద్దములు కలవు.

ఇంటివారు చేయదగినవి కొన్ని కలవు. పనిని ముక్కలు చేయవలెను. అలసట వచ్చువరకు చదివి ఆగుటకంటె, రాకమునుపే ఆగుట మేలు. పది నిమిషములు చదువగలిగినవాడు ఏడు నిమిషములకు పుస్తకము మూయవలెను. పంక్తి క్రింద వ్రేలో, కాగితపు ముక్కయో పెట్టుకొని చదువుటలో నామోషీ లేదు. సంత, పెండ్లిపందిరి, కదలు బస్సు కిటికీ, ఫోను తెరమీద పరుగెత్తు బొమ్మలు, ఇవి చూపును నలువైపుల లాగునవి; మొదటి వారములలో వీనిని తగ్గించుకొనవలెను. రాత్రి నిద్ర చెడనీయరాదు. వైద్యుడు చెప్పువరకు బండి నడుపరాదు. అలసిన చూపునకు ప్రక్కనుండి వచ్చు బండి ఆలస్యముగా అందును. ఇంకొక దెబ్బ తగులకుండ చూచుకొనుట అన్నిటికంటె ముఖ్యము. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము శిరస్త్రాణమును విధించినది పోలీసువాని కొరకు కాదు.

దెబ్బ తగిలిన తొలి దినములలో తలనొప్పి గంటగంటకు పెరుగుట, మరల మరల వాంతులగుట, లేపినను లేవని మత్తు, మూర్ఛ, మాట ముద్దగుట, కాలో చేయో బలము తప్పుట, కనుపాపలు ఒకటి పెద్దదిగా ఒకటి చిన్నదిగా నుండుట, ఒక వస్తువు రెండుగా కనబడుట, వీనిలో ఏది కనబడినను ఒక్క క్షణమైనను జాగు చేయక ఆసుపత్రికి కొనిపోవలెను. అది ఈ వ్యాసమున చెప్పిన నెమ్మదియైన బాధ కాదు, ప్రాణాపాయమునకు సూచన.

మన ఉపాధ్యాయుని మరల తలచుకొందము. ఆయనకు మొట్టమొదట కావలసినది మందు కాదు. తన మాటను నమ్మువారు. "డాక్టరుగారు ఏమీ లేదన్నారు గదండీ" అన్న నోటనే "ఈ పూటకు చాలండీ, తక్కిన పత్రాలు రేపు దిద్దుకోవచ్చు" అను మాట వచ్చినచో, ఆయన తన్ను తాను శంకించుకొనుట మానును. తన అలసటను దాచుకొనుటకు ఖర్చు చేయుచున్న శక్తి కోలుకొనుటకు మిగులును. పత్రికను చదువలేనివానికి ఇంటివారిలో ఒకరు ముఖ్యమైన వార్తలు నాలుగు చదివి వినిపింపవచ్చును.

రేడియో అట్టివారికి మంచి నేస్తమని చెప్పుటకు మాకు ఉత్సాహముగనే ఉన్నది. ఏలయన దానికి కన్నులతో పని లేదు. కాని ఒక నియమము. ఒక గదిలో ఒక ధ్వని మాత్రమే ఉండవలెను, అదియు మెల్లగా. ఆయన కనుబొమలు ముడిపడుట గమనించితిరా, ఎంత మంచి కార్యక్రమము సాగుచున్నను వెంటనే రేడియో కట్టివేయుడు. మేమేమియు అనుకొనము.